తలుపు తీయడం తెలిసినవాళ్లు

('ట్రెయిన్ టు బూసాన్' ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగ పాఠం)

అందరూ సర్దుకుని కూర్చున్నారా? వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా లోపలికి వచ్చేయండి. ఈ సినిమా చూశాక తలుపు దగ్గర ఎవరైనా నిలబడితే కాస్త కంగారుగానే ఉంటుంది. (నవ్వులు) ఇప్పుడే అందరం చూశాం కాబట్టి కథ దాచాల్సిన పనిలేదు. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, అన్నీ విప్పి మాట్లాడుకుందాం.

ముందు మన దయ్యం సంగతి ఒక మాట. మన సినిమాల్లో దయ్యానికి పేరుంటుంది, ఊరుంటుంది, ఇంటర్వెల్ తర్వాత ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. ఎవరో అన్యాయం చేశారు, అందుకని పగబట్టింది. పగ తీరితే వెళ్లిపోతుంది, లేదా మంత్రగాడొచ్చి సీసాలో బంధిస్తాడు. అంటే దయ్యంతో బేరమాడొచ్చు. జాంబీతో, అంటే కరిచి మనుషుల్ని తనలా మార్చేసే నడిచే శవంతో, బేరం లేదు. దానికి పగ లేదు, జ్ఞాపకం లేదు, నువ్వెవరో తెలియదు. మరి కథకు కావలసిన పగ, స్వార్థం, పిరికితనం ఎక్కణ్ణుంచి వస్తాయి? బతికున్న మనుషుల దగ్గర నుంచే రావాలి. అందుకే మంచి జాంబీ సినిమా ఎప్పుడూ మనుషుల సినిమానే. ఈ మాట చాలామంది చెబుతారు. బూసాన్ వెళ్లే రైల్లో జాంబీలు చొరబడే ఈ కొరియన్ సినిమా గొప్పతనం ఏమిటంటే ఆ మాటను ఒక వస్తువులో పెట్టి చూపించింది. ఆ వస్తువు తలుపు.

సినిమాలో జాంబీలకు తలుపు తీయడం రాదు. గమనించారు కదా? బోగీ చివర అద్దాల తలుపు, పక్కకు జరిపితే చాలు. వందమంది వచ్చి అద్దానికి మొహాలు ఆనించి నలిగిపోతారు తప్ప, ఒక్కడికీ పిడి పట్టుకుని జరపాలని తోచదు. తీయడం, మూయడం వచ్చింది మనుషులకే. కాబట్టి 118 నిమిషాల్లో తలుపు ఎప్పుడు తెరుచుకున్నా, ఎప్పుడు మూసుకున్నా అది ఒక మనిషి చేసిన నిర్ణయం. మళ్లీ చూసినప్పుడు తలుపులు మాత్రం లెక్కపెట్టుకుంటూ చూడండి. కథ మొత్తం చేతికొస్తుంది.

దర్శకుడు యన్ సాంగ్ హో. దీనికి ముందు ఆయన తీసినవి యానిమేషన్ సినిమాలు: 2011లో 'ద కింగ్ ఆఫ్ పిగ్స్', 2013లో 'ద ఫేక్'. రెండూ చేదుగా ఉంటాయి, పిల్లల కోసం తీసినవి కావు. నటులతో ఆయన తీసిన మొదటి సినిమా ఇదే. 2016 మేలో కేన్స్ చిత్రోత్సవంలో అర్ధరాత్రి ప్రదర్శనల విభాగంలో వేశారు, జులై 20న కొరియాలో విడుదలైంది. సుమారు 5 కోట్ల జనాభా ఉన్న దేశంలో కోటీ 10 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. యానిమేషన్ నుంచి రావడం ఎందుకు ముఖ్యమంటే, యానిమేషన్‌లో ప్రతి ఫ్రేమూ ముందే గీసుకోవాలి. తీసిన తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాంలే అనే వెసులుబాటు ఉండదు. ఈ సినిమాలో ఎక్కడా వృథా షాటు కనబడకపోవడానికి ఆ అలవాటే కారణమని నా అంచనా.

ఇక రైలు. కేటీఎక్స్ అంటే కొరియా హైస్పీడ్ రైలు, 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మొదటి తరం బండికి రెండు చివర్లా రెండు ఇంజన్లు, మధ్యలో 18 బోగీలు, మొత్తం పొడవు 388 మీటర్లు. సియోల్ నుంచి బూసాన్‌కు 400 కిలోమీటర్లు దాటుతుంది, రెండున్నర మూడు గంటల ప్రయాణం. అంటే సినిమా నిడివికీ ప్రయాణానికీ పెద్ద తేడా లేదు. కథ రోజుల తరబడి సాగదు. చూసేవాడి గడియారం, బండి గడియారం దాదాపు ఒక్కటే.

బోగీ లోపల వెడల్పు మూడు మీటర్లు కూడా ఉండదు. అటు రెండు సీట్లు, ఇటు రెండు సీట్లు, మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. ఇక్కడే దర్శకుడి లెక్క చూడండి. బయట మైదానంలో వందమంది జాంబీలు వస్తే ఒక్క హీరో వాళ్లను కొడుతున్నాడంటే నవ్వొస్తుంది. ఇరుకు దారిలో ఎంతమందున్నా ఒకేసారి మీదికి వచ్చేది ఇద్దరో ముగ్గురో. అందుకని సాంగ్ హ్వా పాత్ర వేసిన మా డాంగ్ సోక్ చేతులకు టేపు చుట్టుకుని పిడిగుద్దులు గుద్దుతుంటే నమ్ముతాం. చోటు ఇరుకైనకొద్దీ ఫైటు నమ్మదగ్గదవుతుంది, భయం కూడా పెరుగుతుంది. రెండూ ఒకే కొలత నుంచి వచ్చాయి. మన స్లీపర్ బోగీలో అయితే పై బెర్తు ఎక్కి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే సగం కథ అక్కడే అయిపోయేది. (నవ్వులు) అది సరదాకి అన్నా, కథకు చోటు ఎంచుకోవడం అంటే పారిపోయే దారులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడమే. ఇక్కడ రెండే: ముందుకి, వెనక్కి.

ఇప్పుడు నియమాలు. జాంబీ కథలో నియమాలు తక్కువ ఉండాలి, ఒకసారి చెప్పినవి తప్పకూడదు. ఇందులో ఒక్క నియమం కూడా నోటితో ఉపన్యాసంలా చెప్పరు. తెల్లకోటు వేసుకున్న డాక్టరు బోర్డు మీద గీసి వివరించడు. పాత్రలు కళ్లతో చూసి తెలుసుకుంటాయి, వాళ్లతోపాటే మనమూ.

మొదటిది, చూస్తేనే మీద పడతాయి. దీన్ని కనిపెట్టేది సాంగ్ హ్వా భార్య, గర్భిణి. అద్దం అవతల అవి ఎగబడుతుంటే, నీళ్లు చల్లి న్యూస్‌పేపర్ కాగితాలు అతికిస్తుంది. కాసేపటికి అవతల గోల తగ్గిపోతుంది. ఖర్చెంత? ఒక నీళ్ల సీసా, ఒక పేపరు. హారర్ సినిమాలో కథ నడిపే వస్తువు ఇలా బోగీలో దొరికేదే అయి ఉండాలి. తుపాకీ తెచ్చిపెడితే ఆ క్షణం నుంచే భయం సగానికి పడిపోతుంది. కావాలంటే చూడండి, ప్రయాణికుల చేతుల్లో సినిమా మొత్తంలో ఒక్క తుపాకీ లేదు. బేస్‌బాల్ బ్యాటు ఉందంటే, ఆ బండిలో బేస్‌బాల్ ఆడే హైస్కూలు కుర్రాళ్ల జట్టు ఉంది కాబట్టి.

రెండోది, చీకట్లో వాటికి కళ్లు కనబడవు, చప్పుడు వినబడితే అటు తిరుగుతాయి. ఇది సొరంగంలో తెలుస్తుంది. కొట్లాట మధ్యలో బండి సొరంగంలోకి వెళ్తుంది, లోపల చీకటి, అవి ఉన్నచోటే తడుముకుంటూ ఆగిపోతాయి. అక్కణ్ణుంచి ఫైటు కాస్తా ఎత్తుల ఆటగా మారుతుంది. ఫోను మోగించి అటు మళ్లించడం, తల మీద సామాన్ల అర మీదుగా పాకడం. కొరియాలో సగానికి పైగా కొండలే, హైస్పీడ్ లైనులో సొరంగాలు బోలెడు. కాబట్టి ఇది కథకుడు కల్పించిన సౌకర్యం కాదు, ఆ దారి స్వభావమే. ఒక చిన్న మోసం మాత్రం ఉంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 3 కిలోమీటర్ల సొరంగాన్ని 36 సెకన్లలో దాటేస్తుంది. అరల మీద పాకే సీను అంత తొందరగా ఎక్కడ అయింది? అయినా మనం చూసేటప్పుడు లెక్కేసుకోం. ఎందుకంటే వెలుతురు ఎప్పుడొస్తుందో తెలియదు అన్న గుబులు ఆ నియమం నుంచి పుట్టింది. నియమం నిజమైతే చాలు, సెకన్లు కాస్త సాగినా ప్రేక్షకుడు క్షమిస్తాడు.

మూడోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. కరిచిన చోటును బట్టి మారడానికి పట్టే సమయం. మెడ దగ్గర కరిస్తే క్షణాల్లో అయిపోతుంది. మొదట బండెక్కిన అమ్మాయికి కాటు కాలికి. అందుకే ఆమె బండెక్కి, లోపలికి నడిచి, కట్టు బిగించుకునేంత సమయం దొరికింది. ఆమెను ఆదుకోబోయిన రైలు ఉద్యోగినికి మెడ మీద, ఇక సమయమే లేదు. సాంగ్ హ్వాకు చేతికి, కథానాయకుడు సోక్ ఊకు చేతికి. వాళ్లిద్దరికీ చివరి మాటలు చెప్పుకునే అవకాశం వచ్చింది ఇందుకే. "హీరోలకు మాత్రం ఆలస్యంగా ఎందుకు ఎక్కుతుంది" అని అడుగుతుంటారు కదా, జవాబు సినిమాలోనే ఉంది. కాకపోతే వినిపించేలా చెప్పలేదు. అలా చెప్పకపోవడమే మేలు.

సరే, తలుపుల దగ్గరికి వద్దాం. గాంగ్ యూ వేసిన సోక్ ఊ షేర్ల నిధులు నడిపేవాడు. భార్యతో విడిపోతున్నాడు, కూతురు సు ఆన్‌ను పుట్టినరోజుకు తల్లి దగ్గరికి, బూసాన్‌కు తీసుకెళ్తున్నాడు. మొదటి దాడిలో అందరూ పరిగెడుతుంటారు. సాంగ్ హ్వా, కడుపుతో ఉన్న అతని భార్య వెనకపడ్డారు. వాళ్లు ఇంకా రాకముందే సోక్ ఊ తలుపు మూయబోతాడు. ఇది మన హీరో! ప్రతినాయకుడు ఇంకా రంగంలోకి దిగనేలేదు, మొదటి తలుపు మూయబోయింది కథానాయకుడే. చాలా సినిమాలకు ఈ ధైర్యం ఉండదు.

అక్కడే కూతురు ముసలామెకు సీటిస్తే, ఇలాంటప్పుడు ముందు మన సంగతి చూసుకోవాలి అంటాడు తండ్రి. తర్వాత తేజాన్ స్టేషన్ వస్తుంది. అక్కడ సైన్యం అందర్నీ క్వారంటైన్‌కు తీసుకెళ్తుందని తెలిసి, తనకు తెలిసిన అధికారికి ఫోను చేసి, తనకూ కూతురికీ మాత్రం వేరే దారి ఏర్పాటు చేసుకుంటాడు. అదీ తలుపే. పలుకుబడి ఉన్నవాడికి తెరుచుకునే తలుపు. తీరా అవతల చూస్తే సైనికులంతా జాంబీలైపోయారు. కథలో వ్యంగ్యం ఎంత పదునుగా ఉందో చూడండి, అతని ప్రత్యేక ద్వారం తిన్నగా నోట్లోకే తీసుకెళ్తుంది.

సాంగ్ హ్వా అతణ్ణి ఆటపట్టించే మాటొకటి అనువాదంలో జారిపోతుంది. ఫండ్ మేనేజర్ అని తెలియగానే 'కెమీహాల్కి' అంటాడు. అంటే చీమల్ని నాకి తినే జంతువు. కొరియాలో షేర్ మార్కెట్లో పెట్టుబడి పెట్టే చిన్నవాళ్లను 'చీమలు' అంటారు. చీమల్ని మింగేవాడు ఎవరో ఇక చెప్పక్కర్లేదు. సబ్‌టైటిల్స్‌లో ఇది పేలకపోతే తప్పు మీది కాదు. ఈ జోకుకు తర్వాత బరువు ఎక్కుతుంది. మహమ్మారి ఎక్కణ్ణుంచి లీకైందో ఆ బయోటెక్ కంపెనీ మునిగిపోకుండా షేర్ల మాయతో నిలబెట్టింది సోక్ ఊ పనిచేసే సంస్థే అని ఫోనులో తెలుస్తుంది. ఒక్క ఫోన్ కాల్, అంతే. శాస్త్రీయ వివరణ ఇంకో ఐదు నిమిషాలు లాగి ఉంటే సినిమా చప్పబడిపోయేది.

ఇక అందరూ గుర్తుపెట్టుకునే ఘట్టం. తేజాన్ తర్వాత జనం విడిపోతారు. సోక్ ఊ, సాంగ్ హ్వా, బేస్‌బాల్ కుర్రాడు 9వ బోగీలో. పాప, గర్భిణి, పెద్దావిడ, నిరాశ్రయుడు 13వ బోగీ మరుగుదొడ్డిలో. క్షేమంగా ఉన్న మిగతావాళ్లు 15లో. మధ్య బోగీల నిండా జాంబీలు. ఇది ఎంత శుభ్రమైన స్క్రీన్‌ప్లేనో గమనించండి. మూడు అంకెలు చెప్పేశాడు, ఇక ప్రేక్షకుడి మనసులో పటం గీయబడిపోయింది. ఎక్కడున్నారు, ఎటు పోవాలి, ఇంకెంత దూరం అన్న ప్రశ్న మళ్లీ రాదు. యాక్షన్ సీను తేలిపోయే చోటు సాధారణంగా ఇదే. ఎవరు ఎటు తిరిగి ఉన్నారో తెలియదు, ఇక షాట్లు ఎంత వేగంగా కోసినా గందరగోళం తప్ప ఉత్కంఠ రాదు. ఎడిటర్ యాంగ్ జిన్ మో, తర్వాత 'పారసైట్' ఎడిట్ చేసింది ఆయనే. ఇక్కడ ముందుకు వెళ్లడమంటే తెర మీద ఎప్పుడూ ఒకే దిక్కు అన్న భావన కలుగుతుంది. షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు ఈ ఇరవై నిమిషాలను శబ్దం తీసేసి ఒకసారి చూడండి. మాట వినబడకపోయినా ఎవరెక్కడున్నారో తెలుస్తుంటే ఆ సీను బాగా తీసినట్టు లెక్క.

బోగీ బోగీకి పద్ధతి కూడా మారుతుంది. మొదట ఒట్టి బలం, తర్వాత చీకటి, తర్వాత చప్పుడు, చివరికి పాకడం. మధ్యలో బేస్‌బాల్ కుర్రాడు ఎదురుగా తన జట్టు స్నేహితుల మొహాలు చూసి బ్యాటు ఎత్తలేక నిలబడిపోతాడు. ఒకే తరహా ఫైటు మూడుసార్లు పెట్టి ఉంటే రెండోసారికే ఆవలింతలొచ్చేవి.

ఇంత కష్టపడి 15వ బోగీ చేరితే, అక్కడ మనుషులు తలుపు లోపలినుంచి బిగించేశారు. ఇక్కడే కిమ్ ఉయ్ సంగ్ వేసిన బస్సుల కంపెనీ పెద్దమనిషి ఉన్నాడు. వీళ్లకు అంటుకుందేమో, రానివ్వకండి అంటాడు. అతనొక్కడి వల్ల తలుపు మూసుకోలేదు సుమా. పక్కన నిలబడి చేతులు కలిపినవాళ్లు చాలామంది, అందరూ మామూలు ప్రయాణికులే. బయట సాంగ్ హ్వా తన శరీరాన్నే తలుపుగా అడ్డంపెట్టి, పుట్టబోయే బిడ్డకు పేరు చెప్పి, వెళ్లిపొమ్మంటాడు. ఒక తలుపు మనుషులు మూసినందుకు ఇంకో మనిషి తలుపై నిలబడాల్సి వచ్చింది. మా డాంగ్ సోక్‌కు మన దగ్గర ఇంతమంది అభిమానులున్నారంటే సగం పుణ్యం ఈ ఒక్క సీనుదే.

తర్వాత వచ్చే తలుపు నా దృష్టిలో సినిమాకే శిఖరం. ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు. ఒకావిడ జాంబీ అయిపోయి అద్దం అవతల నిలబడింది. ఇవతల ఉన్న ఆవిడ అటు చూస్తుంది, వెనక్కి తిరిగి, బతికొచ్చిన వాళ్లను కూడా బయటికి గెంటేసిన ఆ జనాన్ని చూస్తుంది. నెమ్మదిగా లేచి వెళ్లి తలుపు తీస్తుంది. అరుపు లేదు, కత్తి లేదు, పరుగు లేదు. అప్పటిదాకా జాంబీలకు చేతకాని పని, ఒక అవ్వ అలవోకగా చేసేస్తుంది. అది దయా, పగా, విసుగా? ఒక్క పేరు పెట్టలేం. ఆ ఒక్కసారే మన దయ్యాల సినిమాల్లోని పగ ఈ కథలోకి వస్తుంది, అదీ బతికున్న మనిషి రూపంలో.

ఇక జాంబీల ఒళ్లు సంగతి. ఈ సినిమాలో రక్తం తక్కువ, కొరియాలో 15 ఏళ్లు దాటినవాళ్లంతా చూడదగ్గ సర్టిఫికెట్‌తో వచ్చింది. భయం పేగుల నుంచి కాకుండా కీళ్ల నుంచి వస్తుంది. మెడ వెనక్కి విరుచుకోవడం, భుజం తిరగబడటం, వేళ్లు కొంకర్లు పోవడం. ఎముకలు విరిగినట్టు ఆడే బోన్‌బ్రేకింగ్ నాట్యం చేసేవాళ్ల కదలికలు ఇందులో వాడారు. నరాలు నల్లగా తేలడం, కళ్లు పాలమీగడలా మసకబారడం దాని మీద పూత మాత్రమే.

తక్కువ ఖర్చుతో ఇలాంటిది ప్రయత్నించేవాళ్లు సాధారణంగా ఎక్కడ తప్పుతారో చెబుతాను. అందరూ ఒకేలా చేతులు చాచి నడుస్తారు, అదొక కవాతు అయిపోతుంది. ప్రతి ఒక్కరికీ ఒక్కో కీలు ఇవ్వండి: నీకు ఎడమ మోకాలు వంగదు, నీకు మెడ కుడివైపే తిరుగుతుంది. ఆ ఒక్కటి చాలు, ఒళ్లంతా వంకర్లు తిప్పక్కర్లేదు. బాగా చేసేవాళ్లను కెమెరాకు దగ్గర వరసలో పెట్టండి, అలవాటు లేనివాళ్లు మూడో వరసలో తోసుకుంటూ కనబడితే సరిపోతుంది. తెల్లటి కాంటాక్ట్ లెన్సులు వేస్తే నటుడికి చూపు బాగా తగ్గిపోతుంది. ఆ లెన్సులతో పరిగెత్తించకండి, పడతారు. దగ్గరి షాటుకే పెట్టి వెంటనే తీయించండి, ఒకరివి ఇంకొకరికి ఎప్పుడూ పెట్టకండి. పరుగు కాస్త అసహజంగా కావాలంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22 తీసి, 24లో నడపండి. తొమ్మిది శాతం వేగం పెరుగుతుంది, ఏదో తేడా ఉందని తెలుస్తుంది గానీ ఏమిటో తెలియదు. 18కి దిగితే మూకీ సినిమా కామెడీ అవుతుంది.

కిటికీల గురించి కూడా చెప్పాలి. సెట్టు బోగీ కదలదు. బయట దృశ్యం కదలాలి. ఆకుపచ్చ తెర కట్టి తర్వాత కంప్యూటర్‌లో నింపడం మామూలు పద్ధతి. రైల్లో దానితో చిక్కేమిటంటే, చుట్టూ అద్దాలే. ఆకుపచ్చ వెలుగు అద్దాల్లో, చెమట పట్టిన మొహాల మీద, సీటు అంచుల మీద పడుతుంది, తుడిచేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. వీళ్లు కిటికీల బయట ఎల్‌ఈడీ తెరలు పెట్టి, ముందే తీసుకున్న దృశ్యాలను నడిపించారు. దాంతో బయటి వెలుగు నిజంగానే నటుల మొహాల మీద కదులుతుంది. 300 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 83 మీటర్లు. పట్టాల పక్కన స్తంభాలు యాభై, అరవై మీటర్లకొకటి చొప్పున ఉంటే సెకనుకు ఒకటికి పైగా నీడ మొహం మీద నుంచి దాటాలి. ఈ ఆడే వెలుతురు లేకపోతే బండి నిలబడి ఉందని మన కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ఛాయాగ్రహణం లీ హ్యాంగ్ డోక్.

కొరియా ప్రేక్షకుడు ఈ సినిమాను ఎలా చూసి ఉంటాడో తెలియాలంటే కొన్ని సంగతులు పక్కన పెట్టుకోవాలి. మొదటి సీనులో ట్రక్కు డ్రైవరు చెక్‌పోస్టు దగ్గర, మళ్లీ నా పందుల్ని పాతిపెట్టిస్తారా అని విసుక్కుంటాడు. 2010-11లో గాలికుంటు వ్యాధి వచ్చి అక్కడ 30 లక్షలకు పైగా పందులను చంపి పూడ్చేశారు. ఆ ఒక్క విసుగులో అదంతా ఉంది. కాసేపటికి ట్రక్కు గుద్దిన జింక లేచి నిలబడుతుంది. జాంబీ మనిషి కంటే ముందు జాంబీ జింకను చూపించడం బలే తెలివి.

2014 ఏప్రిల్ 16న సెవోల్ ఓడ మునిగి 304 మంది చనిపోయారు, ఎక్కువమంది విహారయాత్రకు బయల్దేరిన హైస్కూలు పిల్లలు. ఉన్నచోటే ఉండండి అని ఓడలో ప్రకటనలు చేశారు, కెప్టెన్ మాత్రం ముందే బయటపడ్డాడు. 2015లో మెర్స్ అనే అంటువ్యాధి వచ్చి 38 మంది పోయారు, ఏయే ఆసుపత్రుల్లో రోగులున్నారో ప్రభుత్వం మొదట్లో బయటపెట్టలేదు. ఇప్పుడు సినిమాలో టీవీ వార్తలు గుర్తుచేసుకోండి. జాంబీల దాడులను అల్లర్లు అంటారు, పరిస్థితి అదుపులో ఉంది, ప్రభుత్వాన్ని నమ్మండి అంటారు. హైస్కూలు కుర్రాళ్ల జట్టు ఆ బండిలోనే ఉంది. అక్కడి హాల్లో నిశ్శబ్దం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

బూసాన్ అన్న పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1950 కొరియా యుద్ధంలో ఉత్తర కొరియా సైన్యం దాదాపు దేశమంతా ఆక్రమించినప్పుడు చివరికి మిగిలింది ఆగ్నేయ మూలన ఆ ఊరి చుట్టుపక్కల ప్రాంతమే. దేశంలోని శరణార్థులంతా అటే పరుగెత్తారు. కొరియన్‌లో సినిమా పేరు 'బూసాన్‌హెంగ్', 'బూసాన్ వైపు వెళ్లేది' అని, స్టేషన్ బోర్డు మీద రాసే మాట. తాతల కాలంలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లిన దారి అది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బస్సుల పెద్దమనిషిని మరీ పచ్చిగా దుర్మార్గుణ్ణి చేశారు. ఒకరి తర్వాత ఒకరిని జాంబీల మీదికి తోసేస్తూ పోతుంటే, 15వ బోగీలో మామూలు జనం చేసిన తప్పు కూడా అతని ఖాతాలోకి వెళ్లిపోతుంది. అది సినిమా తన సొంత వాదనను తానే పలచన చేసుకోవడం. చివర్లో తల్లి దగ్గరికి పోవాలంటూ చిన్నపిల్లాడిలా మాట్లాడించి కొంత సరిదిద్దారు, అప్పటికే ఆలస్యమైంది. గర్భిణి పాత్ర నాకు ఇంకో కొరత. పేపరు ఉపాయం ఆమెదే, ఆ తర్వాత ఆమె బుర్రకు పని చెప్పలేదు. సోక్ ఊ చివరి క్షణంలో తెల్లటి వెలుతురులో పసిబిడ్డను ఎత్తుకున్న జ్ఞాపకం, సంగీతం, చిరునవ్వు. కొంచెం తీపి ఎక్కువైంది. కానీ ఆ వెంటనే అతను పడిపోవడాన్ని నీడలో మాత్రమే చూపించి ఆపిన నిగ్రహం వల్ల అదీ క్షమించేశాను. తూర్పు తేగు స్టేషన్ తర్వాత ఇంజను వెనక వేలాడుతూ ఈడ్చుకొచ్చే జాంబీల గుట్ట విషయంలో మాత్రం నేను సినిమా పక్షమే. గ్రాఫిక్స్ తెలిసిపోతున్నాయి, నిజమే. అయినా తలుపులు అయిపోయాక, బోగీలు అయిపోయాక, పట్టుకోవడానికి ఒకరి కాళ్లు ఒకరికి తప్ప ఏమీ మిగలని ఆ గుట్ట లాంటి బొమ్మ నేను వేరే చోట చూడలేదు.

ఈ సినిమా తర్వాత కొరియాలో జాంబీ కథలు వరసకట్టాయి. మన తెలుగులోనూ 2021లో 'జాంబీ రెడ్డి' వచ్చింది, కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి జాంబీల్ని దింపారు, పగ లేని జీవుల్ని పగల సీమలో పెట్టడం మంచి ఊహే. ఇదే దర్శకుడు 2016లోనే 'సియోల్ స్టేషన్' అనే యానిమేషన్ సినిమా తెచ్చాడు, బండి కదలడానికి ముందు రాత్రి కథ. ఇందులో కాలికి కాటుతో బండెక్కిన అమ్మాయిగా కనబడిన షిమ్ ఉన్ క్యాంగ్ అందులో ప్రధాన పాత్రకు గొంతిచ్చింది. 2020లో వచ్చిన 'పెనిన్సులా'లో తుపాకులు, కార్లు, విశాలమైన రోడ్లు ఉన్నాయి. ఇరుకు పోయింది, దాంతో భయమూ పోయింది.

చివరి సొరంగం దగ్గర ఆపేస్తాను. పాప, గర్భిణి పట్టాల మీద నడుచుకుంటూ చీకటి సొరంగంలోకి వస్తారు. అవతలి కొసన సైనికులు, తుపాకులు. వచ్చేది మనుషులో జాంబీలో కనబడటం లేదు. కాల్చేయమని పైనుంచి ఆదేశం. చీకట్లో కనబడదు, చప్పుడే ఆధారం. ఈ నియమం మనకు ముందే తెలుసు కదా? అప్పటిదాకా అది జాంబీల నియమం. ఇప్పుడు సైనికులు ఆ స్థానంలో ఉన్నారు, పాప ఎదుటి వైపు ఉంది. అప్పుడు పాప 'అలోహా ఓయే' పాడుతుంది. స్కూల్లో తండ్రి కోసం నేర్చుకుని, తండ్రి రాలేదని మధ్యలో ఆపేసిన పాట. హవాయి రాణి లిలియుఒకలానీ 19వ శతాబ్దంలో కట్టిన వీడ్కోలు పాట అది. గొంతు వణుకుతుంది, ఏడుపు అడ్డం పడుతుంది, ఆపదు. అవతల సైనికుడి వేలు ట్రిగ్గర్ మీద నుంచి పక్కకు తప్పుకుంటుంది. ఆ సొరంగానికి తలుపు లేదు.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ వెనక తలుపు ఎవరైనా తీసి పెట్టండి, లోపల ఉక్కపోస్తోంది.